స్టోరు గదిలో సంఘపెద్ద

తాళం తిరిగిన చప్పుడు పున్నయ్యకి వినబడింది. వినబడినా అరవలేకపోయాడు. నోటి నిండా విస్కీ ఉంది.

మింగేసి అరవొచ్చు కదా అంటారేమో. అనడం తేలికే. విస్కీ గుటుక్కున మింగేది కాదని దొర నేర్పాడాయె. నాలుక మీద పోసుకుని, బుగ్గల్లో తిప్పి, కాసేపు ఆపాలి. ఎంతసేపు ఆపాలో దొర ఇంగ్లీషు అంకెలతో లెక్కపెట్టేవాడు. పున్నయ్యకి ఆ అంకెలు రావు. అందుకని తనకి వచ్చిన దానితో సరిపెట్టుకున్నాడు. మనసులో పరలోక ప్రార్థన మొదలుపెట్టి, ఆమెన్ దగ్గరకి వచ్చాక మింగేవాడు. ఏళ్ళ తరబడి అదే అలవాటు. ఆ శుక్రవారం పొద్దున దొర తలుపు లాగి తాళం వేసే వేళకి ప్రార్థన ఇంకా శోధన అన్న మాట దగ్గరే ఉంది. మధ్యలో ఆపితే పాపమనిపించింది. ఆమెన్ అనుకుని, మింగి, పెదాలు తుడుచుకుని, "దొరా" అని పిలవబోయి ఆగిపోయాడు.

పిలిస్తే దొర తలుపు తెరుస్తాడు, అది నిజమే. తెరిచి ఏం చూస్తాడు? సీసాల వరస వెనక, చేతిలో గ్లాసుతో తన బట్లరుని చూస్తాడు. ఆ చుట్టుపక్కల దొరలందరూ నౌకర్లు తాగకుండా సీసా మీద పెన్సిలుతో గీత గీసి పెట్టుకునేవాళ్ళు. ఈ దొర ఏనాడూ గీత పెట్టలేదు. ఆ సంగతి గుర్తొచ్చి పున్నయ్య నోరు మూసుకున్నాడు. ఏటా గొడుగో, చుట్టల డబ్బానో మర్చిపోయి మళ్ళీ ఇంట్లోకి వస్తాడు కదా, ఆ సందులో జారుకుందాంలే అనుకున్నాడు. ఖర్మ కొద్దీ ఆ ఏడు దొర ఏమీ మర్చిపోలేదు. కారు గుర్రుమంటూ నడికుడి స్టేషను వైపు వెళ్ళిపోయింది. స్టేషను నుంచి గుంటూరు, గుంటూరు నుంచి మద్రాసు, ఆ పైన ఊటీ. మళ్ళీ తొలకరి పడితే గానీ రాడు. స్టోరు తాళంచెవి ఆయన గడియారం గొలుసుకి వేలాడుతూ ఆయనతోనే కొండెక్కుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం అది. పల్నాటి ఎండల సంగతి చెప్పేదేముంది, రోళ్ళు పగిలే ఎండలు.

ఆ దొరని అందరూ గని దొర అనేవాళ్ళు. స్టేషనుకి అవతల నాపరాళ్ళ గని ఆయనది. బంగళా గోడలూ నాపరాయే, కప్పూ నాపరాయే. వెనక వైపు స్టోరు గదికి ఒక్కటే టేకు తలుపు, పైన జానెడు గవాక్షం. ఎలకలు దూరకుండా గవాక్షానికి ఇనుప వల కొట్టించారు. ఎలక దూరని చోట మనిషేం దూరతాడు? తలుపు బద్దలు కొడదామంటే ఇవతల నుంచి పట్టు దొరకదు. అరుద్దామంటే ముందు వైపు వరండాలో కావలి కాలేషా కూర్చుని ఉంటాడు. మంచివాడే గానీ, కాలేషా చెవిన పడ్డ మాట పొద్దు గూకేలోపు దాచేపల్లి దాకా పోతుంది.

పున్నయ్యకి దొర కంటే, కాలేషా కంటే పెద్ద భయం ఇంకొకటుంది. ఆయన మిషను గుడికి సంఘపెద్ద.

మామూలు పెద్ద కూడా కాదు. తెల్లటి చొక్కా, భుజాన ఉత్తరీయం, నెలకో ఆదివారం ప్రభు బల్ల నాడు, అంటే రొట్టే ద్రాక్షరసం పంచే నాడు, రొట్టె పళ్ళెం పట్టుకుని వరసల మధ్య నడుస్తుంటే చిన్నపిల్లలు కూడా దగ్గు ఆపుకునేవాళ్ళు. సంఘంలో చేరేటప్పుడు తాగుడు ముట్టనని ప్రతివాళ్ళూ ప్రమాణం చేయాలి. ఆ ప్రమాణం చేయించేది పున్నయ్యే. తప్పినవాడిని బల్ల నుంచి నిలిపేస్తారు. వాడికి రొట్టె ఇవ్వరు, ద్రాక్షరసం ఇవ్వరు. గుడికి రావొచ్చు గానీ, గుమ్మం దగ్గర చాప లేని చోట కూర్చోవాలి. పళ్ళెం వాడి ముందు నుంచి ఆగకుండా దాటిపోతుంది. ఆ దాటిపోవడం ఎలా ఉంటుందో పడ్డవాడికే తెలుసు.

ఆ ఏడు అలా పడ్డవాడు ఏసయ్య. గనిలో రాళ్ళు తీసే మనిషి. పున్నయ్య భార్య ప్రేమమ్మకి పినతల్లి కొడుకు, అంటే వరసకి బావమరిది. ఒక ఆదివారం బల్ల నాడు పున్నయ్య పళ్ళెంతో వరసల్లోకి దిగుతూనే ఆగి, ముక్కు ఎగబీల్చి, దూరాన కూర్చున్న ఏసయ్య వైపు వేలు చూపించాడు. "ఏసయ్యా, నువ్వు కల్లు తాగావు. నిన్న కాదు, మొన్న." ఏసయ్య నల్లబడిపోయి తలొంచుకున్నాడు. నిజమే మరి. పక్కన కూర్చున్నవాడికే రాని వాసన అంత దూరాన ఉన్న పెద్దకి ఎలా తెలిసిందని సంఘమంతా విస్తుపోయింది. దేవుడే చూపించాడు అన్నారు. పాస్టరుగారు ఆ మాట మీద ప్రసంగం కూడా చేశారు. పున్నయ్య అవునూ అనలేదు, కాదూ అనలేదు.

ఆ ముక్కుకి పదును ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినవాళ్ళు ఇద్దరే, పున్నయ్యా, దొరా.

దొర ఒంటరి మనిషి. సాయంత్రం కుర్చీ వేసుకుని విస్కీ పోసుకుంటే ఎలా ఉందని మాట్లాడుకోవడానికి మైళ్ళ దూరంలో ఇంకో దొర లేడు. ఒక శనివారం విసుగెత్తి బట్లరునే పిలిచాడు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టి, "పునయా, ఏం వాసన?" అన్నాడు. పున్నయ్య భయం భయంగా పీల్చి, "పొగాకు కాల్చే బ్యారన్లో నిప్పు ఆరాక వచ్చే వాసన దొరా" అన్నాడు. దొర తొడ మీద చరుచుకుని నవ్వాడు. అప్పటి నుంచీ శనివారం శనివారం అదే పని. మొదట్లో పున్నయ్య నోట్లో తిప్పి ఉమ్మేసేవాడు. రుచి చూడటం వేరు, తాగడం వేరు, ప్రమాణంలో ఉన్నది తాగననే కదా అని మనసుకి చెప్పుకునేవాడు. తర్వాత్తర్వాత ఉమ్మడం మరిచిపోయాడు. మనసుకి చెప్పుకోవడం మాత్రం మానలేదు.

దొర లేని వేళల్లో ఈ ఒంటరి గుటకలు ఈమధ్యే మొదలయ్యాయి.

సరే, తాళం పడింది. కారు పోయింది. పున్నయ్య పెట్టె మీద కూలబడి చుట్టూ చూశాడు. ఇంగ్లీషు చదవడం రాదు కాబట్టి సీసాలకి తనే పేర్లు పెట్టుకున్నాడు. ఒకటి పొగ సీసా. తాగుతుంటే మొదట ఆస్పత్రి టింక్చరు, వెనకనే కాలిన వేరుసెనగ పొట్టు. ఒకటి ఖర్జూరం సీసా, ముదురు ఎరుపు, నాలుక మీద నెమ్మదిగా కరిగి చివర్లో కాస్త వగరు. ఒకటి రొట్టె సీసా, పెనం మీద నుంచి అప్పుడే తీసిన జొన్నరొట్టె వాసన, గొంతుకి దూదిలా దిగుతుంది. అది స్కాట్లండుది కాదు, ఐర్లండుదని దొర చెప్పాడు. ఇంకొకటి యుద్ధంలో అమెరికా సోల్జర్లు ఇచ్చిపోయింది. కొత్త తలుపు చెక్కుతుంటే రాలే పొట్టు మీద బెల్లం పాకం పోసినట్టుంటుంది. చిట్టచివర దేశవాళీది, రంగు వేసిన సారాయి, దొర దాన్ని గని మేస్త్రీలకి పంచేవాడు.

ఎలాగూ ఇరుక్కుపోయాను, భోజనం వేళకి ప్రేమమ్మ వెతుక్కుంటూ వస్తుందిలే అనుకున్నాడు. అంతదాకా ఏం చేయాలి? చెప్పొద్దూ, ఆ పొద్దున పున్నయ్య సుఖపడ్డాడు. ఎదురుగా దొర లేడు, నిలబడక్కర్లేదు, ఏం వాసనో ఇంకొకరికి చెప్పక్కర్లేదు. పొగ సీసా తర్వాత రొట్టె సీసా రుచి చూస్తే రొట్టె మాడిన రొట్టె అయింది. రొట్టె సీసా తర్వాత ఖర్జూరం చూస్తే ఖర్జూరానికి తీపి రెట్టింపయింది. ముందూ వెనకా మారితే రుచి మారుతుందని అంతవరకూ ఆయనకి తెలియదు. ఒక్కో గుటకకీ ఒక్కో ప్రార్థన అయింది. అన్ని ప్రార్థనలు ఆయన గుళ్ళో కూడా చేసి ఉండడు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కప్పు రాళ్ళు కాలడం మొదలైంది. గది కుంపటి అయింది. చెమట కారి కారి ఆగిపోయింది. నాలుక అట్టముక్కలా తయారైంది. దాహానికి ఒక గుక్క వేసుకున్నాడు, పొగ లేదు, ఖర్జూరం లేదు, నిప్పొక్కటే దిగింది. ఇంకొకటి చూశాడు, అదీ నిప్పే. చుట్టూ అన్ని సీసాలున్నాయి, వాటిల్లో ఒక చుక్క నీళ్ళు లేవు. అప్పుడు తలుపు వంక చూస్తే అది తలుపులా కనబడలేదు, గోడలో ఇంకో రాయిలా కనబడింది. పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఎక్కి, గవాక్షం వలకి మొహం ఆనించి గాలి పీల్చుకుంటూ అలాగే నిలబడిపోయాడు.

ప్రేమమ్మ వచ్చేసరికి భోజనం వేళ దాటిపోయింది. మొగుడు దొరని రైలెక్కించి అటే ఎక్కడో కబుర్లలో పడ్డాడనుకుంది పాపం. కాలేషాని అడిగితే, "అన్న కారెక్కలేదమ్మా, నేను చూశా గదా" అన్నాడు. ఆమె బంగళా చుట్టూ తిరిగి వెనక్కి వస్తుంటే గవాక్షంలోంచి దగ్గు వినబడింది.

"ఎవురది?"

"నేనే."

"నేనే అంటే?"

"నీ మొగుణ్ణే. మెల్లిగా మాట్టాడు."

"లోపలేం చేత్తన్నావయ్యా?"

"తాళం పడింది."

"తాళం దానంతటది పడుద్దా? నువ్వు లోపలికి ఎందుకు పోయావు?"

"సీసాలు తుడుద్దామని."

ప్రేమమ్మ ఒక నూనె డబ్బా బోర్లించి ఎక్కింది. వల దగ్గర మొహం పెట్టి వెంటనే వెనక్కి లాక్కుంది. "ఏందా కంపు?"

"ఒక సీసా పగిలిందే."

"పగిలితే నేల కంపు కొట్టాల. నీ మాట కంపు కొడతందేంది?"

పున్నయ్య వల దగ్గర నుంచి మొహం పక్కకి తిప్పుకున్నాడు. దాంతో ఆమెకి అంతా అర్థమైంది. డబ్బా దిగి, గోడకి ఆనుకుని కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాడు. ఏడవలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది చివరికి.

"చానా ఏళ్ళ నుంచే."

"మా ఏసయ్య తమ్ముణ్ణి నలుగురిలో ఏలెట్టి చూపినప్పుడు కూడానా?"

"ప్రేమా, ముందు నీళ్ళు ఇయ్యవే. నాలుక పిడచగట్టుకు పోయింది."

"ఉన్నాయిగా నీకు, సీసాలకి సీసాలు."

అంది గానీ లేచింది. చెంబు వలలోంచి పట్టదు. గరిటె పట్టదు. దొడ్లో బొప్పాయి చెట్టుంటే ఒక కాడ విరిచి, రెండు కొసలూ కోసి, వల కంతలోంచి లోపలికి దూర్చింది. పైనుంచి చెంబుతో సన్నగా వంచుతుంటే పున్నయ్య కింద నోరు పెట్టి దూడలా తాగాడు. సగం నీళ్ళు మీసాల మీదే పోయాయి. జొన్నరొట్టెని చుట్టి, పుల్లతో పొడిచి, ముక్కలు ముక్కలుగా తోసింది. ఖాళీ సీసా ఒకటి ఇంకో అవసరానికి పనికొచ్చింది, ఆ సంగతి వదిలేద్దాం.

ఆ రాత్రి రాళ్ళు చల్లారలేదు, ఆయన కన్ను మూతపడలేదు. శనివారం తెల్లవారగానే ప్రేమమ్మ మళ్ళీ డబ్బా ఎక్కింది.

"రేపు బల్ల. ఎండుద్రాక్ష నానేశా. పళ్ళెం పట్టుకునేది నువ్వే," అంది. బల్లకి ద్రాక్షరసం తీసేది ప్రతినెలా ఆమే.

"తెలుసు."

"తాళాల మౌలాలీని పిలుచుకొత్తా. తాళం చిటికెలో తీత్తాడు."

"వద్దు. మౌలాలీ తాళం తీసే లోపు వాళ్ళింటిది బషీరున్నీసా వీధంతా చెప్పి నా పరువు తీసుద్ది. తాళం పాడైతే దొరకీ తెలుసుద్ది."

"మరి నెలా రెండు నెలలు ఇట్టాగే కాడతో నీళ్ళు తాగుతావా?"

ప్రేమమ్మ ఏమనుకుందో ఏమో, గొంతు తగ్గించింది. "ఏముందయ్యా దాంట్లో? అంత పరువు గల మనిషివి, దేని కోసం ఇట్టా చేశావు? చెప్పు."

"చెప్తే తెలిసేది కాదే."

"అయితే పొయ్యి."

"ఏంది?"

"కాడ ఇటు వంచుతా. పొయ్యి. నా సంసారం దేనికి పోతందో నాకు తెలియొద్దా?"

"పొగది నీకు ఘాటు, ఖర్జూరంది చూడు" అని పున్నయ్య ఆ సీసా తీసి, నాలుగు చుక్కలు కాడలోకి వంచాడు. ప్రేమమ్మ కాడ కొసకి నోరు పెట్టింది.

"మింగావా?"

"ఉండు." ఇంకా కాసేపటికి అంది: "మంటగా ఉంది. వెనకమాల ఎండుద్రాక్ష నానేసినట్టుంది." మళ్ళీ ఆగి, "ఇంకోటి ఏదో పొగ అన్నావే, అది వద్దులే" అంది. ఆ తర్వాత మొగుడి మీద కోపం వచ్చిందో, తన మీద వచ్చిందో గానీ, గొంతు గట్టి చేసుకుంది. "ఈ కప్పు ఏసింది ఎవురు?"

"వద్దు."

"ఎవురేశారని అడిగా."

"చత్తా గానీ వాణ్ణి పిలవొద్దే."

"చత్తే శవాన్ని తియ్యడానికైనా వాడే రావాల. ఆ రాయి ఊడదీసేది మా ఏసయ్య ఒక్కడే." డబ్బా దొర్లిన చప్పుడైంది. ఆమె వెళ్ళిపోయింది.

ఆ పూట పున్నయ్య సీసా ముట్టలేదు. పెట్టె మీద కూర్చుని కప్పుకేసి చూస్తూ ఉండిపోయాడు. తలుపు తెరుచుకోకపోతే చావు. కప్పు తెరుచుకుంటే అంతకంటే హీనం. ఏసయ్య రాకపోతే బాగుండునని ఒకసారి, వస్తే బాగుండునని ఒకసారి అనుకున్నాడు.

నడి మధ్యాహ్నం, కాలేషా భోజనానికి ఇంటికి పోయి, కుక్క కూడా నీడ వదలని వేళ, కప్పు మీద తడి గోనెపట్టాలు పరిచిన చప్పుడైంది. కాలే రాయి మీద నీళ్ళు పడి సుర్రుమంది. ఆ తర్వాత ఉలి. టక్, టక్, టక్. సున్నం పెచ్చులు పున్నయ్య నెత్తిన రాలాయి. పలుగు దిగింది, రాయి మూలిగింది, పక్కకి జరిగింది. చీకటి గదిలో ఎండ పలకలా పడింది. ఆ వెలుగులో సీసాలన్నీ ఒక్కసారిగా ఎర్రగా, పచ్చగా మెరిశాయి. పైనుంచి ఒక తల కనబడింది.

"పెద్దగారూ, ప్రార్థనలో ఉన్నారా?"

అంతకు ముందు ఏసయ్య ఎప్పుడూ బావా అనే పిలిచేవాడు. బల్ల నుంచి నిలిపేసిన రోజు నుంచి పెద్దగారూ అయింది.

"తాడు ఎయ్యరా ఏసయ్యా."

"ఏత్తా." ఏసయ్య కాళ్ళు లోపలికి వేలాడేసి అంచు మీద తీరిగ్గా కూర్చున్నాడు. కిందకి, సీసాల కేసి, మనిషి కేసి చూశాడు. "ముందు నాకొకటి చెప్పాల."

"పైకొచ్చాక చెప్తా."

"కాదు. ఆడ్నుంచే చెప్పు. ఆ ఆదివారం నేను తానం చేసి, యాపపుల్లతో పళ్ళు తోముకుని, ఇంత ధనియాలు నమిలి వచ్చా. పక్కనున్నోడికి తెలవలే. నువ్వు అంత దూరాన నిలబడి మొన్న తాగావన్నావు. మొన్ననే తాగా. మా అమ్మకి జొరమొచ్చి పోయేట్టుందని దిగులేసి తాగా. అది నీకెట్టా తెలిసింది?"

పున్నయ్య నెత్తిన పడ్డ సున్నం దులుపుకున్నాడు.

"అందరూ దేవుడు చూపించాడన్నారు. నేనూ అట్టాగే అనుకున్నా. అంత మందిలో నన్నే ఎతికి చూపించాడంటే దేవుడికి నేనంటే ఎంత కోపమో అనుకున్నా. మా అమ్మ పోయినప్పుడు కూడా, నా మూలానే పోయిందని అనుకున్నా. చెప్పు బావా." ఆ బావా అన్న మాట నోరు జారి వచ్చింది. వెంటనే దిద్దుకున్నాడు. "చెప్పండి పెద్దగారూ."

కింద ఉన్న మనిషికి దాక్కోవడానికి చోటు లేదు. ఎండ సరిగ్గా మొహం మీదే పడుతోంది.

"దేవుడు కాదురా," అన్నాడు పున్నయ్య. "ముక్కు. ఇయ్యన్నీ చూసి చూసి ముక్కు అట్టా తయారైంది. ఏ వాసన ఎప్పటిదో తెలిసిపోద్ది. నీ కాడ పులిసిన కల్లు వాసన. తాజాది కాదు, ఒంట్లోంచి వచ్చేది. అంతే. దేవుడేం చూపించలా."

ప్రేమమ్మ బయట కింద నిచ్చెన పట్టుకుని నిలబడి, కొంగుతో మొహం తుడుచుకుంది. చెమటో, మరేమిటో.

"అయితే దేవుడికి నా మీద కోపం లేదన్నమాట," అన్నాడు ఏసయ్య, తనలో తను అనుకుంటున్నట్టు. తర్వాత చెయ్యి కిందకి చాపాడు. "ఏదీ, ఇటు అందుకో. ఆ ముక్కుని దేంతో సాన పట్టావో నేనూ చూత్తా."

పున్నయ్యకి మంచిది ఇవ్వాలనిపించి, దొరకి అన్నిటికంటే ఇష్టమైన పొగ సీసా అందించాడు. ఏసయ్య ఒక గుక్క ఎత్తుకుని, కళ్ళు పెద్దవి చేసి, పక్కకి తిరిగి కప్పు మీద ఉమ్మేశాడు. "థూ! ఇదా? కాలిన గొంగడి నానబెట్టి పిండినట్టుంది. దీని కోసమా నీ ఏషాలన్నీ? మా ఈరయ్య కల్లు ముంత దీని కంటే నయం గదయ్యా!"

ప్రేమమ్మ కింద కిసుక్కున నవ్వింది. పున్నయ్యకి నవ్వు రాలేదు.

తాడు దిగింది. పైకి లాగేటప్పుడు ఏసయ్య అరచెయ్యి గరుగ్గా, గట్టిగా తగిలింది. కప్పు మీద నిలబడి, గాలి పీల్చుకుని, పున్నయ్య ఆ చెయ్యి వదల్లేదు. "ఏం కావాలో అడుగు ఏసయ్యా. పాస్టరుగారితో చెప్పి నిన్ను బల్ల నుంచి నిలిపేసిన మాట ఎత్తేయిస్తా. ఇంకేదన్నా అడుగు."

"ఏమీ వద్దు."

"మరి?"

"ఎవురికీ చెప్పను. నువ్వు నన్ను చేసినట్టు నేను నిన్ను చెయ్యను. రేపు గుడికొత్తా. చివర గుమ్మం కాడ కూర్చుంటా. నువ్వు పళ్ళెం పట్టుకుని నన్ను దాటిపోయేటప్పుడు నీ మొగం ఎట్టుంటదో చూడాలనుంది. అంతే." రాయి మళ్ళీ చోటుకి జరిపి, సున్నం మెత్తి, అరచేత్తో నున్నగా రాసి, ఏసయ్య గోనెపట్టాలు చుట్టుకుని వెళ్ళిపోయాడు. తాళం తాళంలాగే ఉంది. దొరే వచ్చి చూసినా పోల్చుకోలేడు.

బయటపడ్డాక ఎవరికైనా ప్రాణం తేలికపడుతుంది. పున్నయ్యకి ఆ ముచ్చట కూడా లేదు. బావి దగ్గర కుండలకి కుండలు పోసుకున్నాడు, జామాకు నమిలాడు, బొగ్గుతో పళ్ళు తోమాడు. ఆ సాయంత్రం ఇంటి అరుగు మీద మంచం వేసుకుని పడుకుంటే ఆకాశం కూడా నాపరాళ్ళు పరిచినట్టే అనిపించింది. ఏసయ్య డబ్బు అడిగి ఉంటే బాగుండేది. బెదిరించి ఉంటే ఇంకా బాగుండేది. ఏమీ అడగని మనిషి నుంచి తప్పించుకునేది ఎలా?

"జొరమని చెప్పి పడుకుంటానే," అన్నాడు ఆదివారం పొద్దున.

ప్రేమమ్మ గుడ్డలో ద్రాక్షరసం వడకడుతోంది. తల ఎత్తలేదు. "పడుకో. వచ్చే నెలా బల్లుంటది. ఆ పై నెలా ఉంటది. ఎన్ని జొరాలు తెచ్చుకుంటావు?"

గుడికి వెళ్ళాడు. తెల్లచొక్కా, ఉత్తరీయం. పాస్టరుగారు ప్రార్థన చేసి రొట్టె పళ్ళెం చేతికిచ్చారు. ముందు వరసల్లో మగవాళ్ళు, ఆ పక్కన ఆడవాళ్ళు, చాపల మీద ఒద్దికగా కూర్చున్నారు. ఒక్కొక్కరూ రొట్టె తుంచుకుంటున్నారు. పున్నయ్యకి ఏ వాసనా తగల్లేదు, తన చొక్కాలోంచి, తన చర్మంలోంచి వచ్చేది తప్ప. అంత మందికీ అది తెలుస్తోందనే అనిపించింది. ఎవరికీ తెలియడం లేదు, తెలిసేటంత ముక్కు అక్కడ ఇంకెవరికీ లేదు.

చివరి చాప అయిపోయింది. దాని వెనక గుమ్మం పక్కన, బండ మీద, బాసింపట్టు వేసుకుని ఏసయ్య కూర్చున్నాడు. నూనె రాసుకుని తల దువ్వుకున్నాడు. కళ్ళు పైకెత్తి సూటిగా చూస్తున్నాడు. ఆ చూపులో పగ లేదు.

పళ్ళెం అక్కడ తిరిగి ముందుకి పోవాలి. పున్నయ్య కాళ్ళు తిరగలేదు.

ఒకరిద్దరు మెడలు తిప్పారు. పాస్టరుగారు ముందు నుంచి, "పున్నయ్యా, ఏమైంది? ఒంట్లో బాగాలేదా? ఇటు వచ్చి కూర్చో నాయనా" అన్నారు, ఎంతో దయగా.

ఊ అంటే చాలు. ఎవరో వచ్చి పళ్ళెం అందుకుంటారు, ఇంకెవరో మంచినీళ్ళు ఇస్తారు. పున్నయ్య నోరు ఆ ఊ కోసం సగం తెరుచుకుంది కూడా. స్టోరులో తాళం పడినప్పుడు ఆపుకున్న మాట గొంతులో ఇంకా అలాగే అడ్డంగా ఉంది.

"ఒళ్ళు బానే ఉంది అయ్యగారూ," అన్నాడు, గుడంతా వినబడేట్టు. "ఏసయ్యని దేవుడు పట్టించలా. నేను పట్టించా. దొర కాడ ఏళ్ళ తరబడి విస్కీ రుచి చూసి చూసి వచ్చిన ముక్కుతో పట్టించా. రుచి చూడ్డం అని చెప్పుకున్నా గానీ, తాగడమే. మొన్న శుక్రవారం కూడా తాగా. అయిదారు రకాలు."

ఎవరో అయ్యో దేవుడా అన్నారు. ఎవరో పిల్లవాడు నవ్వితే వాళ్ళమ్మ నోరు నొక్కింది. ఈ మాట పొద్దు గూకేలోపు కాలేషాకీ, తొలకరికి దొరకీ చేరుతుందని పున్నయ్యకి తెలుసు. పళ్ళెం పాస్టరుగారి చేతికిచ్చి రావడానికి అంత గుడీ మళ్ళీ నడవాల్సి వచ్చింది. ఆ నడకలో ఒక్కరూ ఆయన మొహంలోకి చూడలేదు. వెనక్కి వచ్చి, భుజాన ఉత్తరీయం తీసి మడిచి, బండ మీద ఏసయ్య పక్కన కూర్చున్నాడు. బండ వేడిగా ఉంది.

పాస్టరుగారే తేరుకుని పుస్తకం తెరిచారు. కీర్తన మొదలైంది. ఆడవాళ్ళ వైపు ప్రేమమ్మ లేచి, తను వడకట్టిన ద్రాక్షరసం గిన్నె చేతికొస్తే, తాగకుండా పక్కామెకి అందించి, తిన్నగా నడిచొచ్చి, చాప లేని చోట ఆ ఇద్దరికీ కాస్త ఎడంగా కూర్చుంది. ఎందుకొచ్చిందో ఎవరూ అడగలేదు. ఆ నాలుగు చుక్కల సంగతి ఒక్క పున్నయ్యకే తెలుసు.

ఏసయ్య ఆమె వంక చూశాడు, ఆయన వంక చూశాడు. కీర్తన చప్పుడులో తల వంచి చెవి దగ్గర అన్నాడు:

"అక్కకి ఏ సీసా పోశావు బావా?"

"ఖర్జూరం."

"మరి నాకు ఆ గొంగడి పోశావేందయ్యా?"

పున్నయ్య పెదాలు బిగబట్టుకున్నాడు. తాళం పడిన దగ్గర నుంచీ ఆయనకి నవ్వు రావడం అదే మొదలు, ఎంత ఆపినా ఆగలేదు.